ఖాళీగా ఉంచకూడని చోటు

అమ్మమ్మ మా దిగువ వీధిని తీసుకుపోయిన ఏడు గడిచి, రెండో చలికాలం చివర జరిగిందిది. మా నదికి పటం మీద లేనా అని పేరు. మేం పేరు పెట్టి పిలవం, అమ్మమ్మ అంటాం. ఆ వసంతంలో మంచుగడ్డలు మలుపులో అడ్డంపడి నీళ్లు వెనక్కి తన్నాయి. బైబల్ పెళ్లాం మాయిస్ ఆవు కోసమని వెనక్కి వెళ్లింది. ఆవు దొరికింది. మాయిస్ దొరకలేదు.

ఊరికంతటికీ పోలీసుని నేనొక్కణ్ణే. పేరు కిర్గియెలే. మూడు చలికాలాలు బడికి వెళ్లాను. దొంగతనాలు తక్కువ కనుక ఆ చదువు సరిపోయేది.

పరాయి దేశం వాళ్లు వదిలే బెలూన్లు మా అడవి మీదుగా పోతుంటాయి. చాలా పైన, నక్షత్రంలా మెరుస్తూ పోతాయి. కింద పెట్టె వేలాడుతుంది, పెట్టెలో కెమెరా ఉంటుందంటారు. నాలుగు చలికాలాలుగా మా విమానాలు వాటి వెంటపడి పైకెక్కడం, అందక దిగిరావడం చూస్తూనే ఉన్నాం. ఎప్పుడైనా దానంతటది గాలి పోయి పడితే ఆడవాళ్లు కత్తెరలు పట్టుకుని పరుగెత్తేవారు. పూత పూసిన గుడ్డ, చుక్క నీరు దిగదు. మా ఊళ్లో వానకోట్లన్నీ ఆకాశం నుంచి వచ్చినవే.

ఈసారి విమానం నిజంగానే ఒకదాన్ని కాల్చి పడేసింది. బెలూన్ పడింది, పెట్టె మాత్రం లేదు.

దండు నుంచి కాప్టెన్ ల్యాగిన్ వచ్చాడు, నలుగురు సిపాయిల్ని వెంటబెట్టుకుని. బెలూన్ గుడ్డలో పరాయి రోగాలుంటాయని చెప్పి, ఆడవాళ్లు తెచ్చుకున్న ముక్కలన్నీ పోగేయించి నా ఆఫీసు వాకిట్లోనే కాల్పించాడు. తర్వాత పెట్టె ఎవరు తీశారని అడిగాడు. ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. బైబల్ తనే వచ్చి, నేనే తీశాను, ఇవ్వను అన్నాడు. ఇంకేమీ అనలేదు. అతన్ని సరుకుల గదిలో పెట్టి తాళం వేశారు.

మర్నాడు పొద్దున విమానం వస్తుంది, అందులో ప్రాసిక్యూటర్ వస్తాడు. ఆయన దండు మనిషి కాడు, సంతకం మాత్రం ఆయనదే కావాలి. సంతకం పడితే బైబల్ ఆ విమానం ఎక్కాలి. గూఢచారి అని పేరు పడి ఎక్కినవాడు మళ్లీ దిగాడని నేను ఎక్కడా వినలేదు. నాకున్నది ఆ ఒక్క రోజు.

పొద్దున్నే పాలు పోసిన టీ, రొట్టె పట్టుకుని గదిలోకి వెళ్లాను. బైబల్ నాకంటే రెండేళ్లు చిన్న. చిన్నప్పుడు ఒకే వల లాగాం. రొట్టె తుంచి ఒక ముక్క పొయ్యిలో వేశాడు. అది నిప్పుకి పెట్టేది, అందరం పెడతాం. ఆ పైన ఇంకో ముక్క తుంచి వేశాడు. ఆ రెండోది ఎవరికని అడగలేదు. పెట్టె ఎక్కడుందని అడిగాను. ఎవరికన్నా ఇచ్చావా అని అడిగాను. రోజంతా ఏం చేశావని అడిగాను. టీ తాగాడు. చివరికి తనే ఒకటి అడిగాడు.

"మంచు పడుతోందా?"

"లేదు."

"పడకపోతే మంచిది," అని గోడవైపు తిరిగాడు.

తిరిగి వచ్చేసరికి నా బల్ల దగ్గర ల్యాగిన్ కూర్చుని నా గడ్డకట్టిన చేపని నా కత్తితో చెక్కు తీసి తింటున్నాడు. పక్కన బెలూన్‌ని కాల్చిన పైలట్, వెర్యాసొవ్ అనే కుర్ర లెఫ్టినెంట్. పడిన చోటు గుర్తుపట్టడానికి తెచ్చారు. ముఖాన ఇంకా మీసం సరిగా రాలేదు. పతకానికి కాగితం అప్పుడే పైకి వెళ్లిందట. ఆ సంగతి ల్యాగిన్ చెప్పాడు, కుర్రవాడు చెప్పలేదు.

నేను అడిగితే కుర్రవాడు చెప్పాడు. అది గాలిలో కదలకుండా నిలబడి ఉంటుంది, విమానం నిలబడలేదు. బాణంలా దూసుకుపోవాలి, అది కంటికి ఆనేది మూడు లెక్కబెట్టేంత సేపు. ఆ లోపల తుపాకి పేలాలి. గుడ్డ మెత్తన, గుండు దూరిపోతుంది కాని పేలదు. రెండుసార్లు తప్పాడు. మూడోసారి గుడ్డ చిరిగి, కింది తాళ్లు తెగాయి.

"అక్కడ పట్టపగలే ఆకాశం నల్లగా ఉంటుంది తాతా," అన్నాడు. "నేనూ అదీ తప్ప ఇంకేం లేదు. అది పడిపోతే నేనొక్కణ్ణే అవుతానని భయం వేసింది. నవ్వుతావేమో."

నేను నవ్వలేదు. గాలి అందక ఇంజన్ దగ్గిందా అని అడిగాను. లేదు, బాగానే ఆడింది అన్నాడు. నాలుగు చలికాలాలు ఏ విమానానికీ అందనిది ఇతనికి ఇంజన్ దగ్గకుండా అందింది. అది మనసులో పెట్టుకున్నాను.

"ఎంత ఉంది అది?"

కుర్రవాడు నోరు తెరిచాడు. ల్యాగిన్ ముందే అందుకున్నాడు. "ఇల్లంత. రిపోర్టులో ఉంది."

"నేను ఆయన్ని అడిగాను."

"నేను చెప్పాను పెద్దాయనా. నీ పని సరుకుల గది పొయ్యిలో కట్టెలు పెట్టడం."

"పెట్టాను."

కుర్రవాడు తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయాడు.

అక్కడి నుంచి మా అన్న పెళ్లాం ఒగ్దో ఇంటికి వెళ్లాను. మా అన్న పోయి చాలా కాలం. ఊళ్లో కత్తెర పట్టినవాళ్లలో అందరికంటే ముందు పరుగెత్తేది ఆవిడే. ఆ రోజూ ఆవిడే ముందు. గుడ్డంతా కాప్టెన్‌కి ఇచ్చేశావా వదినా అని అడిగాను.

"ఇచ్చాను. నమ్మకపోతే మంచం కింద దూరి చూసుకో మరిదీ. ఈ వయసులో దూరితే లాగడానికి ఎద్దు కావాలి."

దూరాను. వానకోటు దొరికింది, అప్పటికే కుట్టేసింది. అది ఎదురుగా పెడితే ఆవిడ తిట్టడం మానేసి ఏడుపు మొదలెట్టింది, కోటు కోసం కాదు, బెలూన్ మీద కోపంతో. పోయిన వేసవిలో పడింది రెండు గడ్డి పాకలు కప్పి, ఇంకా వీధి వీధికీ కోట్లు ఇచ్చింది. ఇది చూస్తే పిల్లపిట్ట. గుడ్డ పల్చన, చిన్న ముక్క. నలుగురాడవాళ్లు పంచుకుంటే తనకి చేతులు పొట్టిగా వచ్చాయి. పైగా మధ్యలో నల్ల సిరా మరక. అది కనబడకుండా లోపలి వైపుకి తిప్పి కుట్టింది.

కోటు మళ్లీ మంచం కిందే పెట్టేశాను. సిరా మరక తిప్పి చూడలేదు. చూడవలసింది.

పొద్దు నడినెత్తికి రాకముందే ల్యాగిన్, నేను స్కీలు కట్టుకుని బెలూన్ పడిన అలాస్‌కి వెళ్లాం. అడవి మధ్య గుండ్రటి గడ్డిమైదానం, నడుమ గడ్డకట్టిన చెరువు. వేసవిలో మాయిస్, బైబల్ అక్కడే ఆవుల్ని తోలుకొచ్చి ఉండేవారు. వాళ్ల గుడిసె కప్పు కూలిపోయి ఉంది. ఇప్పుడు అక్కడికి ఎవరూ పోరు. తెగిన తాళ్లు, ఆడవాళ్ల అడుగులు, కుక్క అడుగులు కనిపించాయి. పక్కనే బైబల్ బండి జాడ.

ల్యాగిన్ బుద్ధి తక్కువవాడు కాడు. జాడ లోతు చేత్తో కొలిచి, ఇక్కణ్ణుంచి గుర్రబ్బండి బరువుతో పోయింది, బరువు లేకుండా వచ్చింది, వచ్చింది మాత్రం ఇంకో దారిన అన్నాడు. అది నిజం. పోయిన జాడ చెరువు మంచు మీదికెక్కి గాలికి చెరిగిపోయింది. వచ్చిన జాడ అవతల అడవిలోంచి ఉంది.

"పెట్టెని లారీ దారికి చేర్చి ఎవరికన్నా ఇచ్చి రావడానికి ఒక పూట చాలు. బైబల్ పొద్దున బయల్దేరి చీకటిపడ్డాక ఇల్లు చేరాడు. మిగతా పూట ఎవరితో కూర్చున్నాడు?"

"గుర్రం ముసలిది."

"గుర్రం ముసలిది, నువ్వు ముసలివాడివి, ముద్దాయీ ముసలివాడు. ఈ ఊళ్లో నిజం ఒక్కటే ఇంకా పుట్టలేదు." స్కీకర్రతో చూపించాడు. "అవేంటి?"

వచ్చిన జాడకి అడ్డంగా మంచులో మూడు పుల్లలు పడి ఉన్నాయి. గొడ్డలితో నరికిన విల్లో కొమ్మలు, కోతలు తాజావి. కొంచెం అవతల ఇంకో మూడు.

అవేమిటో నాకు చూడగానే తెలిసింది. పోయినవాళ్లని పెట్టి వచ్చేటప్పుడు వెళ్లిన దారిన రాం. వెనక్కి తిరిగి చూడం. వాళ్లు వెంట రాకుండా జాడకి అడ్డంగా పుల్లలు వేస్తాం. మంచు పడితే పుల్లలు కప్పబడిపోతాయి. బైబల్ అడిగింది అందుకే. పొయ్యిలో వేసిన రెండో ముక్క పోయినవాళ్లకి.

బైబల్ పెట్టెని దాచలేదు, పోయిన మనిషిని పెట్టినట్టు పెట్టి వచ్చాడు.

"గుర్తులు," అన్నాడు ల్యాగిన్. "తోడుదొంగకి దారి చూపించడానికి."

"అయ్యుండచ్చు."

"నీకు వేరే ఏదో తెలుసు."

"నాకు తెలిసింది తక్కువే. మూడు చలికాలాల చదువు."

ఆయన స్కీలు ఊరివైపు తిప్పాడు. జాడ చెరువు మీద పోయింది, ఇక వెతకడానికి సిపాయిల్ని తీసుకొస్తాను అని వెనక్కి బయల్దేరాడు. నా కుందేటి ఉచ్చులు ఉన్నాయి, చూసుకుని వస్తాను అన్నాను. ఆయన స్కీల చప్పుడు వినబడకుండా పోయేదాకా అక్కడే నిలబడ్డాను. నిలబడ్డంతసేపూ ఒక్క పక్షి కూడా కూయలేదు.

పుల్లల వెంట అడవిలోకి నడిచాను. చెరువు అవతలి గట్టున, ఎత్తు మీద, బైబల్ రోజంతా ఏం చేశాడో కనిపించింది. నాలుగు లార్చి చెట్లని మనిషెత్తుకి నరికి, మొద్దుల మీద దూలాలు పరిచి, మంచె కట్టాడు. అరంగాస్. మా తాతలు పోయినవాళ్లని అలాగే పైన పెట్టేవారు. ఇప్పుడు ఎవరూ పెట్టరు. దూలాలకి ఏటవాలుగా రెండు దుంగలు ఆనించి ఉన్నాయి, వాటి మీదుగా గుర్రంతో లాగించి ఉంటాడు. కింద అడుక్కి రంధ్రం పొడిచిన కెటిల్, విరిచిన చెంచా. పోయినవాళ్లకిచ్చే సామాను మనం ముందు విరవాలి, అప్పుడే అది వాళ్లకి అక్కడ పనికొస్తుంది.

పైన పెట్టె. పన్నెండేళ్ల పిల్లవాడంత పొడుగు. దాని మీద తెల్లటి పారాచ్యూట్ గుడ్డ, ఆ పైన ఎర్ర పూల శాలువా. ఆ శాలువా నాకు తెలుసు. మాయిస్‌ది.

దుంగల మీదుగా పైకెక్కాను. చేతి తొడుగులు తీశాను. పెట్టి మూసినదాన్ని తెరవకూడదు. చాలాసేపు తెరవలేదు. తర్వాత రేపు పొద్దున వచ్చే విమానం గుర్తొచ్చి, శాలువా ఒక కొస ఎత్తాను.

పెట్టె మీద ఇత్తడి రేకు ఉంది. దాని మీద అక్షరాలు.

పరాయి అక్షరాలని నేను చదవలేను. ఇవి చదవగలిగాను. వేలు పెట్టి, బడిలో చదివినట్టు, ఒక్కొక్కటే. ఇది పై గాలినీ చలినీ కొలిచే పెట్టె అని, దొరికినవారు దగ్గర్లోని వాతావరణ కేంద్రానికి అప్పగించాలని. కింద మా అమ్మమ్మ పేరు, లేనా అని, పక్కన ఒక సంఖ్య. మన అక్షరాలు. మన పెట్టె. ఆ కుర్రవాడు పడగొట్టింది మనదే.

"చదవగలవా?" అని కింద నుంచి వినిపించింది.

ల్యాగిన్ స్కీలు విప్పి చేత్తో పట్టుకుని, నా అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వచ్చాడు. చప్పుడు ఎందుకు ఆగిపోయిందో అప్పుడు తెలిసింది.

"నిదానంగా," అన్నాను.

"అందరూ పుల్లల మీంచి దాటుతారు. నువ్వు దాటలేదు, పక్కనుంచి చుట్టి వెళ్లావు. అప్పుడే అనుకున్నాను."

"మీకు ఇది ముందే తెలుసు. అందుకే గుడ్డంతా కాల్పించారు."

ఆయన కాదనలేదు. పైకెక్కి వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. దగ్గరి నుంచి చూస్తే నిద్రలేని మనిషి. కుర్రవాడికి ఇరవై మూడేళ్లు, తల్లి ఒక్కతే అన్నాడు. పైకి రిపోర్టు వెళ్లిపోయింది, దాని మీద తన సంతకం ఉంది. పెట్టె పోయిందంటే పరాయిది పోయినట్టు. పెట్టె ఉందంటే మనదాన్ని మనమే కాల్చుకున్నట్టు. పోవడానికి ఒక దొంగ కావాలి, దొంగ తనంతట తనే వచ్చాడు.

"బైబల్‌కి ఎవరున్నారు చెప్పు?" అన్నాడు. "పెళ్లాం లేదు. పిల్లలు లేరు. అతను లేకపోతే అడిగేదెవరు?"

 నా లెక్కా అంతే, నా కోసం అడిగేవాళ్లూ లేరని ఆయనకి తెలుసు.

కత్తి మొనతో మేకులు ఊడదీసి ఇత్తడి రేకుని జేబులో వేసుకున్నాడు. రేపు విమానం వెళ్లాక సిపాయిలు వచ్చి పెట్టెని చెరువులో దింపుతారు అన్నాడు. "విమానంలో ఇద్దరికి చోటుంది పెద్దాయనా. నిదానంగా చదివినవాడు నిదానంగానే మరిచిపోతే మంచిది."

ఆయన ముందు నడిచాడు, నేను వెనక. వెళ్లిన దారినే తిరిగి వచ్చాం. అలా రాకూడదు.

పొద్దు ఇంకా ఉండగానే బైబల్ గదికి వెళ్లాను. చూశానని చెప్పాను. ముఖం మీంచి శాలువా తీశావా అని అడిగాడు. ఒక కొస మాత్రం, మళ్లీ కప్పాను అన్నాను. ఆ తర్వాత మాట్లాడాడు. ఆ రోజంతటికీ, బహుశా ఆ ఏడంతటికీ అతను ఆడిన మాటలు అవే.

విమానం తుపాకి చప్పుడు విన్నాడు. తెల్లగా పారాచ్యూట్ దిగడం చూశాడు. ఎవరో పైలట్‌ని కొట్టారనుకున్నాడు. వెళ్లేసరికి గుడ్డ చుట్టుకుని, పట్టీలతో బిగించి పడి ఉంది. అడవిలో ఒంటరిగా పడ్డవాణ్ణి అలా వదిలి రాలేడు. నేల గడ్డకట్టి ఉంది, తవ్వలేడు. చెట్లు నరికాడు.

"ఎత్తేటప్పుడు తెలిసింది, మనిషి కాదని," అన్నాడు. "లోపల ఇనుము గలగలమంది. కానీ అప్పటికి మంచె అయిపోయింది."

"దిగి వచ్చేయవలసింది."

"ఖాళీగానా?"

 పోయినవాళ్ల కోసం కట్టిన చోటు ఖాళీగా వదలకూడదు. వదిలితే అది ఊళ్లో ఎవరినో ఒకరిని పిలుస్తుంది. చిన్నపిల్లలకీ తెలుసు.

"మాయిస్‌కి చోటు లేదు కదా," అన్నాడు. "శాలువా ఉంది. పెట్టె ఉంది. ఆవిడనే పెట్టాను అనుకున్నాను. ఇప్పుడు వాళ్లు పెట్టె తీస్తే ఖాళీ అవుతుంది. అందుకే చెప్పలేదు. నన్ను తీసుకుపోనీ, ఫరవాలేదు."

పొయ్యిలో కట్టె వేసి తాళం వేసుకుని వచ్చాను. ఇంట్లో దీపం పెట్టలేదు. రేకు ఆయన జేబులో ఉంది. గుడ్డ బూడిదైంది. చీకట్లో కూర్చుని ఆ రోజు చూసినవన్నీ ఒక్కొక్కటే మళ్లీ చూసుకున్నాను, కుర్రవాడి అరచేతులు, పుల్లలు, విరిగిన చెంచా. చివర్న ఒగ్దో మంచం కింది కోటు వచ్చింది. లోపలికి తిప్పి కుట్టిన సిరా మరక.

తెల్లవారాక వదిన ఇంటి తలుపు తట్టాను. కోటు తిరగేసి చూస్తే మరక కాదు, ముద్ర. రేకు మీద ఉన్నవే అక్షరాలు, అరచెయ్యంత పెద్దవి. ఇది నేను తొడుక్కోవాలి అన్నాను. ఆవిడ ఎందుకని అడగలేదు. నా గొర్రెతోలు కోటు మీద అది పట్టదు. తోలు కోటు విప్పేశాను. తిరగేసిన కోటుకి బొత్తాలు లోపలికి పోయాయి, తాడుతో నడుముకి కట్టింది.

"చేతులు పొట్టి అని నిన్ననే చెప్పాను," అంది. ముఖం అటు తిప్పుకుంది.

విమానం దిగేది అమ్మమ్మ వీపు మీద, నది మంచు మీదే. బైబల్‌ని సిపాయిలు అప్పటికే తెచ్చి నిలబెట్టారు. వెళ్లి అతని పక్కన నిలబడ్డాను. గాలి ఆ పల్చటి గుడ్డలోంచి ఎముకల దాకా వచ్చింది. ల్యాగిన్ నన్ను చూశాడు, నా రొమ్ము మీది అక్షరాలు చూశాడు. చెయ్యి నడుముకున్న పిస్తోలు దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. విప్పెయ్ అన్నాడు, మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు. నలుగురు సిపాయిలు చూస్తున్నారు. వాళ్ల వెనక నుంచి వెర్యాసొవ్ వచ్చాడు. పెదాలు కదుపుతూ చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. తర్వాత టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

విమానం మంచు మీద జారి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ప్రాసిక్యూటర్ దిగి, ఆవిరి కమ్మిన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టాడు. ఆయన తుడుచుకునేదాకా ఆగి, అక్షరాల మీద మడత పడకుండా రెండు చేతులూ బార్లా చాచి నిలబడ్డాను.